సైకిల్‌పై వెళ్లినవారు క్షేమంగా ఇంటికి చేరాలంటే

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే మిగిలినవారందరికీ తిరుగుడే. ఉదయం కాఫీ ఫ్లాస్కు, మధ్యాహ్నం అన్నం క్యారేజీ, సాయంత్రం మందులు, రాత్రి పక్కన పడుకోవడానికి ఒక మనిషి. బస్సు దొరకని వేళ, ఆటోకు డబ్బు పెట్టలేని వేళ చాలా కుటుంబాలకు సైకిలే ఆధారం. రోగి పక్కన రాత్రంతా మేలుకొని తెల్లవారకముందే సైకిలెక్కి ఇంటికి బయలుదేరేవారు ఉన్నారు. హ్యాండిల్‌కు క్యారేజీ తగిలించుకొని, భోజనం వేళ దాటిపోతుందని హడావిడిగా తొక్కుకొచ్చేవారు ఉన్నారు. ఒకరు కోలుకుంటుండగా అదే ఇంటి నుండి మరొకరు గాయాలతో రాకూడదు. అందుకే సైకిల్ తొక్కేవారి కోసం, వారి కోసం ఇంటి దగ్గర ఎదురుచూసేవారి కోసం ఈ నాలుగు మాటలు.

మన దేశంలో 2022 సంవత్సరంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర ప్రభుత్వ లెక్కలు చెబుతున్నాయి. వీరిలో సైకిల్‌పై వెళ్లేవారు కూడా వేల సంఖ్యలో ఉన్నారు. కారులో కూర్చున్నవారికి చుట్టూ ఇనుప రేకు, సీటు బెల్టు రక్షణగా ఉంటాయి. సైకిల్‌పై ఉన్నవారికి ఒంటిమీది చొక్కా తప్ప అడ్డు ఏమీ ఉండదు. గనుక వాహనం తగలకుండా చూసుకోవడమే వారికి అసలైన రక్షణ. ఇందుకు రెండు విషయాలు గుర్తుంచుకుంటే చాలు. ఒకటి, మనం ఇతరులకు కనిపించాలి. రెండు, మనం ఏం చేయబోతున్నామో వారికి ముందుగానే తెలియాలి. ఈ కింద చెప్పిన జాగ్రత్తలన్నీ ఈ రెండింటి నుండి వచ్చినవే.

మనం కనిపిస్తున్నామా?

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో 11 మీటర్లు ముందుకు వస్తుంది. డ్రైవరు మనల్ని చూసి బ్రేకు మీద కాలు వేసేలోపే అంత దూరం గడిచిపోతుంది. ఆ తరువాతే బండి ఆగడం మొదలవుతుంది. కాబట్టి అతను మనల్ని ఎంత దూరం నుండి చూడగలిగితే మనకు అంత మంచిది.

వేకువజామున, చీకటి పడే వేళ నల్లని, ముదురు రంగు బట్టలు రోడ్డులో కలిసిపోతాయి. తెలుపు, పసుపు వంటి లేత రంగులు ధరించండి. సైకిల్ ముందు తెల్లని దీపం, వెనుక ఎర్రని దీపం ఉండాలి. డైనమో దీపం చక్రం తిరుగుతున్నంతసేపే వెలుగుతుంది. కూడలి దగ్గర మనం ఆగగానే అది ఆరిపోతుంది. అందుచేత వెనుక మడ్‌గార్డుకు ఎర్రని రిఫ్లెక్టర్, పెడళ్లకు, చక్రాలకు మెరిసే స్టిక్కర్లు కూడా తప్పక ఉండాలి. పెడళ్ల మీది స్టిక్కర్లు కిందికీ పైకీ కదులుతూ మెరుస్తాయి గనుక ముందున్నది సైకిల్ అని వెనుక వచ్చేవారు వెంటనే గుర్తుపడతారు. అయితే రిఫ్లెక్టర్ తనంతట తాను వెలగదు. దానిమీద వాహనం లైటు పడాలి. దుమ్ము పట్టితే మెరవదు కాబట్టి వారానికొకసారి తుడవండి.

ఎదురుగా వెళ్లడం ఎందుకు ప్రమాదం?

"ఎదురుగా వెళితే వచ్చే బండ్లు మనకు కనిపిస్తాయి కదా" అని కొందరు రోడ్డుకు కుడివైపున తొక్కుతారు. ఇది పొరపాటు. ఒకే దిశలో వెళుతున్నప్పుడు, 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్‌ను 25 కిలోమీటర్ల తేడాతోనే సమీపిస్తుంది. ఎదురుగా వెళితే రెండు వేగాలూ కలిసి 55 అవుతాయి. తప్పించుకునే వ్యవధి సగానికన్నా తగ్గిపోతుంది.

ఇంకొక కారణం కూడా ఉంది. సందులో నుండి పెద్ద రోడ్డు మీదికి వచ్చి ఎడమవైపు తిరిగే డ్రైవరు తన కుడివైపు చూస్తాడు. వాహనాలు రావలసింది అటునుండే. ఎదురుగా వచ్చే సైకిల్ అతని ఎడమవైపు నుండి వస్తుంది. అతను అటు చూడడు. కాబట్టి యూటర్న్ ఎంత దూరమైనా మన దిశలోనే వెళ్లాలి. లేదా సైకిల్ దిగి ఫుట్‌పాత్ మీద నడిపించుకుంటూ వెళ్లాలి.

రోడ్డు అంచున ఎంత చోటు వదలాలి?

ఎడమవైపు వెళ్లాలి అంటే మురుగు కాల్వ అంచున వెళ్లాలని కాదు. అక్కడ ఇసుక, గాజు పెంకులు, మూత లేని మ్యాన్‌హోళ్లు ఉంటాయి. గుంత వచ్చినప్పుడల్లా చటుక్కున కుడివైపు జరగవలసి వస్తుంది. అలా జరగడం వెనుక వచ్చేవారికి ముందుగా తెలియదు. అంచు నుండి సుమారు 2 అడుగులు వదిలి, తిన్నగా, ఒకే వరుసలో తొక్కండి. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటూ పక్కపక్కన వెళ్లకండి.

రోడ్డు పక్కన నిలిపిన కార్ల నుండి ఒక మీటరు దూరం పాటించండి. లోపల ఉన్నవారు వెనక్కి చూడకుండా తలుపు తీస్తే ఆ తలుపు అంచు నేరుగా సైకిల్‌కు తగులుతుంది. కార్లో మనిషి తల కనిపిస్తే వేగం తగ్గించి, బెల్లు కొట్టండి. కార్లలో వచ్చే బంధుమిత్రులకు కూడా ఒక మనవి. డ్రైవరు సీటులో ఉన్నవారు కుడి తలుపును ఎడమ చేత్తో తీయండి. అప్పుడు ఒళ్లు దానంతట అదే కుడివైపు తిరిగి, వెనుక వచ్చేవారు కంటబడతారు.

బస్సులు, లారీలు, ఆటోలు

బస్సు, లారీ డ్రైవర్లకు తమ బండికి ఎడమ పక్కన చాలా భాగం కనిపించదు. పైగా పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు. అవి మలుపు లోపలివైపుకు, అంటే ఎడమ అంచుకు, దగ్గరగా జరిగి వస్తాయి. సిగ్నల్ దగ్గర లారీకి ఎడమ పక్కన సందు కనిపించిందని అందులో దూరినవారు ఈ వెనుక చక్రాల కింద పడే ప్రమాదం ఉంది. దూరకండి. వెనుకనే ఆగండి. బండి అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనిపించకపోతే, డ్రైవరుకు మీరు కూడా కనిపించడం లేదని తెలుసుకోండి.

స్టాపులో ఆగుతున్న బస్సును ఎడమవైపు నుండి దాటవద్దు. ప్రయాణికులు సరిగ్గా అక్కడే దిగుతారు. షేర్ ఆటో ముందు వెళుతుంటే, చెయ్యెత్తిన ప్రతి మనిషి దగ్గరా అది హఠాత్తుగా ఆగుతుందని అనుకొని తగినంత దూరం ఉంచండి.

కుడివైపు తిరగడం

సైకిల్ తొక్కేవారికి కష్టమైన పని ఇదే. మలుపు ఇంకా దూరం ఉండగానే కుడి భుజం మీదుగా వెనక్కి చూడాలి. దారి ఉంటే కుడి చెయ్యి బారుగా చాపి, రెండు మూడు సెకన్లు ఆగి, మెల్లగా రోడ్డు మధ్యకు రావాలి. చెయ్యి చాపడం, తిరగడం ఒకేసారి జరిగితే ఆ సైగ వల్ల ప్రయోజనం లేదు. వాహనాల రద్దీ ఎక్కువగా ఉంటే మధ్యకు రానేవద్దు. ఎడమవైపునే తిన్నగా కూడలి దాటి, అక్కడ దిగి, సిగ్నల్ పడినప్పుడు పాదచారులతో పాటు సైకిల్ నడిపించుకుంటూ దాటండి. రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతే.

ఫుట్‌పాత్ నడిచేవారిది

రోడ్డు మీద లారీ ముందు మనమెంత బలహీనులమో, ఫుట్‌పాత్ మీద మన సైకిల్ ముందు ఒక ముసలమ్మ అంత బలహీనురాలు. ఎముకలు బలహీనపడిన వయసులో చిన్న తాకిడికి కింద పడినా తుంటి ఎముక విరగవచ్చు. కాబట్టి ఫుట్‌పాత్ ఎక్కవలసి వస్తే సైకిల్ దిగి నడవండి. పార్కులలో, నడకకూ సైకిల్‌కూ కలిపి ఉన్న బాటలలో నడిచేవారి వేగానికి దగ్గరగా వెళ్లండి. వారి వెనుకకు వచ్చాక గట్టిగా బెల్లు కొడితే ఉలిక్కిపడి ఏదో ఒక వైపు జరుగుతారు. కొంత దూరం నుండే మెల్లగా కొట్టి, వారు గమనించాకే కుడివైపు నుండి దాటండి. వినికిడి తగ్గినవారు, కంటి ఆపరేషన్ అయినవారు, చిన్న పిల్లలు కనిపిస్తే కాలు కింద పెట్టి ఆగడమే మేలు.

సైకిళ్లకు ప్రత్యేకమైన బాటలు మన దగ్గర చాలా తక్కువ. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాటను, పైన సోలార్ పలకల కప్పుతో, 2023లో ప్రారంభించారు. ఊరిలో పనులకు తిరిగేవారికి మాత్రం ఇప్పటికీ అందరూ వెళ్లే రోడ్డే దారి.

వానాకాలంలో

తడిసిన బ్రేకు రబ్బర్లు రిమ్మును సరిగా పట్టవు. సైకిల్ ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. అందుచేత ముందుగానే మెల్లగా రెండు బ్రేకులూ కలిపి నొక్కండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కితే తలకిందులుగా పడే ప్రమాదం ఉంది. రోడ్డు మీది తెల్లని గీతలు, ఇనుప మూతలు తడిస్తే జారుతాయి. రైలు పట్టాలను ఏటవాలుగా కాక, అడ్డంగా దాటండి. నీళ్లు నిలిచిన రోడ్డులో అడుగు కనిపించకపోతే తొక్కవద్దు. కింద మూత తెరిచిన మ్యాన్‌హోల్ ఉండవచ్చు.

సామాను, బట్టలు, పిల్లలు

అన్నం క్యారేజీ, సంచులు హ్యాండిల్‌కు తగిలిస్తే అవి ఊగి ముందు చక్రంలో పడతాయి. వెనుక క్యారియర్ మీద తాడుతో కట్టండి. చీర కొంగు, చున్నీ, లుంగీ అంచు చక్రంలోగాని చైనులోగాని చిక్కుకోకుండా దోపుకోండి.

వెనుక కూర్చున్న పిల్లల మడమ చక్రపు స్పోకులలో ఇరుక్కోవడం తరచుగా జరిగే గాయం. చర్మం లేచిపోవడమే గాక ఎముక కూడా విరగవచ్చు. చక్రానికి ఇరుపక్కలా జాలీ బిగించి, పిల్లలు కాళ్లు పెట్టుకోవడానికి అడుగుబద్ద అమర్చండి. మరొక ముఖ్య విషయం. పిల్లలు సైకిల్ మీద నుండి పడినప్పుడు హ్యాండిల్ చివర కడుపులో గుచ్చుకుంటే, పైకి చిన్న కమిలిన గుర్తు మాత్రమే కనిపిస్తుంది. లోపల కాలేయానికి, ప్లీహానికి, క్లోమానికి దెబ్బ తగిలి ఉండవచ్చు. కడుపునొప్పి, వాంతులు, ముఖం పాలిపోవడం కొన్ని గంటల తరువాత కూడా మొదలుకావచ్చు. "ఏమీ కాలేదులే" అని ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

తలకు రక్షణ

సైకిల్ తొక్కేవారికి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాకపోయినా, తల గాయాల తీవ్రతను అది తగ్గిస్తుంది. హెల్మెట్ కనుబొమ్మలకు పైన రెండు వేళ్ల ఎత్తులో, నిటారుగా ఉండాలి. పట్టీకి, గడ్డానికి మధ్య ఒకటి రెండు వేళ్లకు మించి చోటు ఉండకూడదు. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పగులు కనిపించకపోయినా, మార్చాలి.

ప్రమాదం జరిగితే

వెంటనే 108 గాని 112 గాని పిలవండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందనే అనుమానం ఉంటే, మంటలు, వాహనాల వంటి అపాయం లేనంతవరకు గాయపడినవారిని కదిలించకండి. కాళ్లు చేతులు పట్టి ఎత్తి ఆటోలో వేయడం వల్ల వెన్నుపాము దెబ్బతినవచ్చు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ సరిగా లేనివారికి నీళ్లు, సోడా తాగించవద్దు. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తలకు దెబ్బ తగిలినవారు మొదట బాగానే మాట్లాడవచ్చు. మగత, మళ్లీ మళ్లీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, తికమకగా మాట్లాడటం, ఫిట్స్, చెవి నుండిగాని ముక్కు నుండిగాని రక్తం లేదా నీరు కారడం వంటి వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

సాయం చేస్తే పోలీసు కేసుల్లో ఇరుక్కుంటామని భయపడవద్దు. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ, సదుద్దేశంతో సాయపడినవారికి రక్షణ కల్పించింది. ఇష్టం లేకపోతే వారు తమ పేరు, చిరునామా చెప్పనవసరం లేదు. మోటారు వాహనం వల్ల గాయపడినవారికి, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో 7 రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయలకు మించకుండా, నగదు కట్టనవసరం లేని చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో ప్రకటించింది. సైకిల్‌పై వెళుతూ మోటారు వాహనం వల్ల గాయపడినవారు కూడా దీని కిందికి వస్తారు. ఆసుపత్రిలో చేరగానే ఈ విషయం అడగండి.

కుటుంబ సభ్యులకు మనవి

రాత్రంతా మేలుకొన్నవారిని ఉదయాన్నే సైకిల్ ఎక్కనివ్వకండి. నిద్రలేమి వల్ల చూపు, నిర్ణయం మందగిస్తాయి. ఒక గంట పడుకొని తెల్లవారాక వెళ్లమనండి. మగత కలిగించే మందులు వాడుతున్నవారు, ఫిట్స్ ఉన్నవారు, కట్టు విప్పినవారు, కంటి ఆపరేషన్ అయినవారు ఎప్పుడు సైకిల్ తొక్కవచ్చో డిశ్చార్జి రోజునే డాక్టరును అడిగి తెలుసుకోండి. సైకిల్ మీద ఉన్నవారికి పదేపదే ఫోను చేయకండి. "భోజనం ఇంకా రాలేదేమి?" అని రోగి తొందరపెడితే, "వస్తున్నారు, నెమ్మదిగా రానీయండి" అని చెప్పండి. అన్నం కాస్త చల్లారినా ఫరవాలేదు. తెచ్చేవారు క్షేమంగా రావాలి.