కుంకుడుకాయతో మళ్ళీ ఖాతా తెరిచాం

మా తాతగారి నాటినుంచి మాది బరంపురమే. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బ్యాంకులో ఇంగ్లీషు. నేను చదివింది బి.కాం. రసాయన శాస్త్రానికీ నాకూ పదో తరగతితోనే తెగతెంపులయ్యాయి. ఆ తెలియనితనమే ఒక దీపావళి ముందు ఆదివారం మా అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

స్నానాలగది నేను కడుగుతానని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. బ్లీచింగ్ పౌడరు చల్లాను, మరకలు వదల్లేదు. రెండు కలిస్తే రెట్టింపు పని జరుగుతుందని లెక్కవేసి, దాని మీదే మరుగుదొడ్డి యాసిడ్ కుమ్మరించాను. గుప్పుమని ఘాటు లేచింది. కళ్ళు మండి, దగ్గుకుంటూ బయటికి పరుగెత్తాను. పక్కగదిలో పడుకున్న అమ్మకు ఎనభై ఏళ్ళు, పైగా ఉబ్బసం. ఊపిరాడక ఆవిడ పడ్డ అవస్థ ఇప్పటికీ కళ్ళముందే ఉంది. చెరో రెక్కా పట్టుకుని వరండాలోకి తెచ్చి, అక్కణ్ణించి ఆస్పత్రికి తీసుకెళ్ళాం. రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందని డాక్టరుగారు చెప్పాక తెలిసింది. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంది. చిన్న అక్షరాలు చదివి సంతకం పెట్టండని ఖాతాదారులకు రోజూ చెప్పేవాణ్ణి నేనే!

ఇంటికొచ్చాక అమ్మ నన్నేమీ అనలేదు. "ఒరేయ్, బజారుకెళ్ళి రెండు కిలోల కుంకుడుకాయలు పట్రా" అంది, అంతే.

కుంకుడు తొక్కలో సాపోనిన్ అనే పదార్థం ఉంటుంది. నురుగు వచ్చేదీ, జిడ్డు వదిలించేదీ అదే. పట్టు, ఉన్ని జీవుల నుంచి వచ్చే దారాలు కాబట్టి సబ్బుపొడిలోని క్షారానికి పాడవుతాయి. కుంకుడు పులుసులో ఆ క్షారం లేదు. పట్టు నేసే ఊళ్ళో పుట్టి ఈ సంగతి యాభై దాటాక తెలుసుకున్నాను.

అమ్మ పద్ధతి ఇది. పది పన్నెండు కాయలు కొట్టి గింజలు తీసేయాలి. తొక్కలు లీటరు వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి, గుడ్డలో వడకట్టాలి. చీర అంచు మూల ఒకటి ముందు తడిపి, రంగు దిగడం లేదని చూసుకున్నాకే మొత్తం ముంచాలి. అయిదు నిమిషాలు చాలు. పిండకుండా నీడన ఆరేయాలి. పులుసు నిలవ ఉండదు, రెండు రోజులకే పులిసి కంపు కొడుతుంది. జరీ ఎక్కువున్న ఖరీదైన చీరల జోలికి మాత్రం నేను పోను.

కుంకుడుకాయలను మా వైపు రీఠా అంటారు. మహారాష్ట్రలో రిఠా, తమిళనాట పూందిక్కొట్టై, కన్నడంలో అంటువాళ అని అడగండి. యానాంలో వాళ్ళకు ఈ తంటా లేదు.

ఇత్తడికి చారు పిండిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు. పులుపులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవకపోతే మళ్ళీ మచ్చలు పడతాయి. నిమ్మరసం, వెనిగర్ పాలరాతి నేల మీద పోయకండి, మెరుపు పోతుంది. వంటసోడా, వెనిగర్ కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ ఒకటి క్షారం, ఒకటి ఆమ్లం. డెబిట్, క్రెడిట్ సరిపోయి నిల్వ సున్నా!

అన్నిటికీ కుంకుడే అని మాత్రం అనను. నా తెల్లచొక్కా కాలరు మురికి దానికి లొంగలేదు, పైగా కాస్త పసుపు పట్టింది. వాటికి సబ్బే. ఇంట్లో విరేచనాల జబ్బు వస్తే బ్లీచింగ్ పౌడరు కావలసిందే. ఒట్టి నీళ్ళలో, కిటికీ తెరిచి, మరేదీ కలపకుండా. యాసిడ్ సీసా మాత్రం ఆ దీపావళి తర్వాత మా గడప తొక్కలేదు.

ఖర్చు పెద్దగా తగ్గిందని చెప్పలేను, నా ఆదివారాలు మాత్రం తగ్గాయి. కాయలు కొట్టే పని నాదే. నల్లటి గింజలు పారేయబోతే అమ్మ ఒప్పుకోదు. వాటితో మా మనవరాలికి వామనగుంటలు నేర్పుతోంది.