ఒంట్లో మిగిలిన ఇనుముకు ఒక చిరునామా

జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ 1912లో మొదలైంది. నగరంలోని సాక్చికి దగ్గర్లో ఉన్న భాలుబాసా లాంటి బస్తీల బతుకంతా ఆ కొలిమితో ముడిపడిందే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి కంపెనీ పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్లో తరాలుగా ఉన్నాయి. ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్న ఏ ఊళ్లోనైనా చేతిలోనో తొడలోనో, అరుదుగా కంట్లోనో లోహపు ముక్క ఉండిపోయినవాళ్లు ఉంటారు. ఆ ముక్క గురించి ఆస్పత్రి కాగితం మీద రాసేది ఒక అక్షరం, కొన్ని అంకెలు ఉన్న కోడ్. చూడ్డానికి గుమాస్తా పనిలా కనిపించే ఆ రాత మీద ఒక మనిషి చూపు ఆధారపడి ఉంటుంది.

లోపల ఏం జరుగుతుంది?

గ్రైండింగ్ చక్రం నుంచి ఎగిరే రజను ఎక్కువగా కంటి ముందుపొర కార్నియాకు అంటుకుంటుంది. మంట పుడుతుంది, నీరు కారుతుంది, కొన్ని గంటల్లోనే ముక్క చుట్టూ తుప్పు వలయం కడుతుంది. బాధ ఓర్చుకోలేక మనిషి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్తాడు. సుత్తితో ఉలిని కొట్టేటప్పుడు వచ్చే ప్రమాదం వేరు. దెబ్బలు తిని తిని ఉలి తల అంచులు విచ్చుకుంటాయి. అక్కడ విరిగిన చిన్న పెచ్చు మహా వేగంతో దూసుకొచ్చి కనుగుడ్డు లోపలికే వెళ్లిపోగలదు. గాయం సూదిమొనంత. ఒక్కోసారి నొప్పి కూడా పెద్దగా ఉండదు. ఏదో తగిలిందనుకుని షిఫ్టు పూర్తి చేసి ఇంటికి వెళ్లిపోవచ్చు.

కంట్లో మిగిలిన ఇనుము కరిగి, కణాల్లోకి చేరుతుంది. దీన్ని సైడరోసిస్ అంటారు. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో రేచీకటి మొదలవుతుంది, కంటిపాప చుట్టూ రంగు తుప్పు గోధుమకు మారుతుంది, శుక్లం వస్తుంది, రెటీనా దెబ్బతింటుంది. దాదాపు శుద్ధమైన రాగి అయితే అంతకాలం ఆగదు. కంట్లో తీవ్రమైన వాపు తెస్తుంది.

కండలో దిగిన ముక్క కథ ఇంకో రకం. శరీరం దాని చుట్టూ గట్టి పొర అల్లి బంధిస్తుంది. తవ్వి తీస్తే నరాలకు, రక్తనాళాలకు హాని ఎక్కువని అనిపిస్తే సర్జన్లు అలాగే వదిలేస్తారు. అది సరైన వైద్య నిర్ణయమే. అయితే ముక్క సీసానిదై కీలులో ఉంటే, కీలులోని ద్రవం దాన్ని మెల్లగా కరిగించి రక్తంలోకి పంపుతుంది. అందుకే ముక్క ఎక్కడుందన్న సంగతికి, అది ఏ లోహమన్న సంగతికి సమానమైన విలువ ఉంది.

అయస్కాంతం ముందు

1879లో బెర్లిన్ కంటి వైద్యుడు జూలియస్ హిర్ష్‌బర్గ్ విద్యుదయస్కాంతంతో కంట్లోని ఇనుప ముక్కను బయటికి లాగాడు. మేలు చేసిన ఆ శక్తే కీడూ చేయగలదని వందేళ్ల తర్వాత తెలిసింది. అమెరికాలో రేకుల పని చేసే ఒక కార్మికుడి కంట్లో ముక్క ఉన్నట్టు ఎవరికీ తెలియదు. అయస్కాంతంతో పనిచేసే ఎంఆర్‌ఐ పరీక్ష చేసినప్పుడు అది కదిలి, లోపల రక్తస్రావమై ఆ కంటి చూపు పోయింది. 1986లో వైద్య పత్రికలో ఈ సంగతి వెలువడింది. ఆ యంత్రం అయస్కాంత బలం 0.35 టెస్లా. నేటి ఆస్పత్రుల్లో మామూలుగా కనిపించే 1.5 టెస్లా యంత్రం బలం, భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. పరీక్ష జరగనప్పుడు కూడా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది.

కోడ్ ఏం అడుగుతుంది?

రోగాలకు ప్రపంచమంతా ఒకే పట్టిక ఉండాలన్న ప్రయత్నం 1893లో జాక్ బెర్టియాన్ మరణ కారణాల జాబితాతో ఊపందుకుంది. 1948 నుంచి ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థది. 1990లో ఆమోదం పొందిన పదో కూర్పే ఐసీడీ-10. పిన్‌కోడ్‌లో ఒక్కో అంకె ఊరిని దగ్గర చేసినట్టు, ఇందులో ఒక్కో అంకె రోగాన్ని దగ్గర చేస్తుంది. కంట్లో పాతబడిన ముక్క అయస్కాంతానికి అంటేదైతే హెచ్ 44.6, అంటనిదైతే హెచ్ 44.7. అంటే కోడ్ వేసేవాళ్లు ఆ ప్రశ్నకు జవాబు వెతక్క తప్పదు. మెత్తని కండలో మిగిలిన ముక్కకు మాత్రం ఎం 79.5 ఒక్కటే. అది ఇనుమో, ఇత్తడో, గాజో ఆ కోడ్ చెప్పదు.

అమెరికా తన సొంత కూర్పులో ఈ లోటు పూడ్చింది. జెడ్ 18.11 అంటే ఒంట్లో మిగిలిన అయస్కాంత లోహం, జెడ్ 18.12 అంటే అయస్కాంతం కాని లోహం, ఏదో తేలకపోతే జెడ్ 18.10. క్షీణ యురేనియం ముక్కలకు విడిగా జెడ్ 18.01 ఉంది. ఇరాక్ యుద్ధం నుంచి ఒంటినిండా ముక్కలతో తిరిగొచ్చిన సైనికులను ఏళ్ల తరబడి గమనిస్తూ ఉండాల్సిన అవసరం అక్కడ ముందుకొచ్చింది. టంగ్‌స్టన్, నికెల్, కోబాల్ట్ మిశ్రమం ముక్కలు పెట్టిన ఎలుకలకు కండలో క్యాన్సర్ వచ్చిందని 2005లో అమెరికన్ పరిశోధకులు చూపారు.

ఉక్కు నగరంలో ఈ ప్రశ్న మరీ సూటిగా ఉంటుంది. మామూలు కార్బన్ ఉక్కు, పోత ఇనుము అయస్కాంతానికి అంటుకుంటాయి. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న 304 రకం స్టెయిన్‌లెస్ దాదాపు అంటుకోదు. బాగా సాగగొడితే అదీ కొంత అంటుకుంటుంది. ఆ రోజు చేతిలో ఉన్నది ఏ ఉక్కో డాక్టరుకు తెలియదు. పనివాడికి తెలుసు.

ఏం రాయించుకోవాలి?

కంటికి అద్దాలో తెరో ఇవ్వడం యజమాని బాధ్యతని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్ ఆనాడే చెప్పింది. అద్దాలు పెట్టుకోవడం మొదటి రక్ష. ముక్క మిగిలిపోయినప్పుడు డిశ్చార్జ్ కాగితం మీద మూడు సంగతులు ఉండాలి: శరీరంలో ఎక్కడ, ఏ లోహం, అయస్కాంతానికి అంటుతుందా లేదా. కోడ్‌లో చోటు లేకపోతే పక్కన మాటల్లో రాయాలి. ఎక్స్‌రే దాచుకోవాలి. ఎంఆర్‌ఐకి ముందు అనుమానం ఉంటే కంటికి మామూలు ఎక్స్‌రే తీస్తే లోహం దాదాపుగా బయటపడుతుంది.

ఎంఆర్‌ఐ అవసరం చాలామందికి వచ్చేది రిటైరయ్యాకే. నడుం నొప్పితో వెళ్లినవాళ్లు, ముప్పై ఏళ్ల కిందటి దెబ్బను మరిచిపోయి ఉంటారు. పక్షవాతంతో వచ్చినవాళ్లు, గుర్తున్నా చెప్పలేరు. కాబట్టి నాన్న కంపెనీలో ఏ విభాగంలో ఏ పని చేశాడో, ఎప్పుడైనా ముక్క దిగిందో ఇంట్లోవాళ్లు ఇప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఆయన మాట్లాడలేని రోజున ఆ జవాబు చెప్పాల్సింది ఇంట్లోవాళ్లూ, ఆ కాగితమూ.