అలైన్‌మెంట్ చేయించాక లైటు వెలిగిందా? సెన్సర్ మార్చే ముందు ఇవి చూడండి

కొత్త టైర్లు వేయించి, వీల్ అలైన్‌మెంట్ కూడా చేయించి షెడ్డు నుంచి బయటికి వస్తే డ్యాష్‌బోర్డు మీద జారిపోతున్న కారు బొమ్మతో పసుపు లైటు. అడిగితే ‘స్టీరింగ్ యాంగిల్ సెన్సర్ పోయింది, మార్చాల్సిందే’ అంటారు. అంటే వేల రూపాయల ఖర్చు. కానీ చాలాసార్లు సెన్సర్ బాగానే ఉంటుంది, దాని లెక్క మాత్రమే తప్పుతుంది.

చాలా కార్లలో ఈ సెన్సర్ స్టీరింగ్ వెనకాల ఉంటుంది. చక్రాన్ని ఎటు తిప్పారు, ఎంత తిప్పారు, ఎంత వేగంగా తిప్పారు అనేది కంప్యూటర్‌కు చెప్పడమే దాని పని. కారు నిజంగా ఎటు తిరుగుతోందో ఇంకో సెన్సర్ చెబుతుంది. రెండూ కలవకపోతే కారు జారుతోందని భావించి ఏదో ఒక చక్రానికి బ్రేకు తనంతట తానే పడుతుంది. దీన్నే ఈఎస్‌సీ అంటారు. 1995లో మెర్సిడెస్ ఎస్ క్లాస్ కార్లతో మొదలైంది, ఇప్పుడు మన మామూలు కార్లలోనూ వస్తోంది. లెక్క తప్పితే మామూలు మలుపులో కూడా ఒక పక్క బ్రేకు పట్టేయొచ్చు. ఎక్కువగా కంప్యూటరే తేడా పసిగట్టి ఈఎస్‌సీని ఆపేస్తుంది. అప్పుడు మామూలు బ్రేకులు పనిచేస్తాయి గానీ, వానలో ఘాట్ రోడ్డు మీద జారితే ఆదుకునేది ఉండదు. పిల్లలతో పండక్కి ఊరెళ్లే ముందు దీన్ని వదిలేయకండి.

ముందు లైటు సరిగ్గా చూడండి. జారినప్పుడు టకటకా మెరిసి ఆగితే అది లోపం కాదు, పని చేస్తోందని అర్థం. ‘ఆఫ్’ అని కనిపిస్తే ఎవరో బటన్ నొక్కి ఉంటారు, ఇంట్లో చిన్నపిల్లలుంటే చెప్పక్కర్లేదు. ఆగకుండా వెలుగుతుంటేనే అనుమానం.

తర్వాత బ్యాటరీ. గల్ఫ్‌లో ఉండేవాళ్ల కార్లు నెలల తరబడి ఇంటి ముందు ఆగిపోతాయి. బ్యాటరీ నీరసపడినా, తీసి పెట్టినా కొన్ని కార్లలో సెన్సర్ తన సున్నాను మర్చిపోతుంది. అలాంటప్పుడు కారు స్టార్ట్ చేసి చక్రాన్ని ఎడమకు చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పి, కాసేపు నేరుగా నడిపితే కొన్నింటిలో లైటు పోతుంది. అన్నింటిలో పోదు. నాలుగు టైర్లూ ఒకే సైజువో కాదో కూడా చూడండి, తేడా ఉన్నా ఇదే లైటు రావచ్చు.

అప్పటికీ పోకపోతే స్కానర్ పెట్టించాలి. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చిన్న స్కానర్‌కు ఇది దొరకదు, ఏబీఎస్ భాగాన్ని చదివేది కావాలి. సి0051 వస్తే స్టీరింగ్ సెన్సర్ సంగతి. యు0126 వస్తే సెన్సర్‌తో మాటే కలవడం లేదని, అంటే వైరో కనెక్టరో ఫ్యూజో కూడా కావచ్చు. కోడ్ రాగానే సెన్సర్ పోయిందని తేల్చేయకూడదు.

అసలు విషయం తేలేది లైవ్ డేటాలో. దగ్గరుండి చూడండి, మొహమాటం వద్దు. కారు నేరుగా పోతున్నప్పుడు అంకె సున్నా దగ్గర ఉండాలి. చక్రం మెల్లగా తిప్పుతుంటే అంకె కూడా సాఫీగా పెరగాలి, రెండో వైపు తిప్పితే గుర్తు మారాలి. సాఫీగా కదులుతూ, నేరుగా పోయేటప్పుడు మాత్రం 8 డిగ్రీలో 10 డిగ్రీలో చూపిస్తుంటే సెన్సర్ మంచిదే, క్యాలిబ్రేషన్ చాలు. అంకె మధ్యలో ఎగిరినా, కదలకుండా నిలిచిపోయినా సెన్సర్ లేదా వైరింగ్ చెడినట్టే. నేరుగా పోతున్నా స్టీరింగ్ వంకరగా నిలబడుతుంటే ముందు అలైన్‌మెంట్ సరిచేసి, ఆ తర్వాతే క్యాలిబ్రేషన్ చేయాలి. ఈ వరస తిరగబడితే డబ్బు రెండుసార్లు పోతుంది.

హారన్ మోగకపోవడం, ఎయిర్‌బ్యాగ్ లైటు రావడం కూడా కలిస్తే స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగి ఉండొచ్చు. కొన్ని కార్లలో సెన్సర్, అది కలిసే వస్తాయి. దాన్ని విప్పాలంటే ఎయిర్‌బ్యాగ్ తీయాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, కంపెనీ చెప్పినన్ని నిమిషాలు ఆగాకే చెయ్యి పెట్టాలి. ఈ పని తెలిసినవాళ్లతోనే చేయించండి. కొత్త సెన్సర్ వేసినా చాలా కార్లలో క్యాలిబ్రేషన్ తప్పదు, అది రేటులో కలిసిందో లేదో ముందే అడగండి.