వేగానికి హద్దు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైదరాబాదు హైటెక్ సిటీలో వేలమందికి అంకెలే అన్నం పెడుతున్నవి. ఆ వీధులలో తిరిగే విద్యుత్ స్కూటరుకును అంకెలే ప్రాణం. దాని రేకులు విప్పినచో కంట్రోలర్ అనే చిన్న లోహపు పెట్టె కనబడుతుంది. మోటారులోని అయస్కాంతాల స్థితిని హాల్ సెన్సర్లు తెలుపగా, ఏ తీగచుట్టకు ఎప్పుడు విద్యుత్తు పంపవలెనో ఆ పెట్టె నిర్ణయిస్తుంది. వేగపు హద్దు కూడ అందులో వ్రాసి ఉంచిన ఒక అంకెయే.

250 వాట్లలోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్లలోపు వేగం గల ఆమోదిత వాహనానికి మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కరలేదు. కంప్యూటరు తగిలించి ఆ హద్దును పెంచుట నేర్పరియైన యువకునికి కష్టం కాదు. కాని పెంచిన మరుక్షణం ఆ మినహాయింపు పోతుంది. విద్యుత్ప్రవాహం హెచ్చినకొద్దీ తీగచుట్టలు వేడెక్కుతవి. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది: వేగం రెట్టింపైతే బ్రేకులు అణచవలసిన గతిశక్తి నాలుగింతలవుతుంది. బ్రేకులు మాత్రం పాతవే. యంత్రాన్ని విప్పి తెలుసుకొనుట విద్య. ఆపగలిగినంత వేగంతోనే నడుపుట వివేకం.