రొయ్యపెంకులు - కైటోసాను

మన పర్చూరునకు సముద్రపు దిక్కుననున్న చినగంజాము, వేటపాలెము తీరభూములయందు రొయ్యల చెరువులు విస్తరించినవి. రొయ్యల కండ ఎగుమతి కాగా తలలును పెంకులును మిగులును. తూకమున నివి సగమునకు చేరువగా నుండును. వీనివలన ప్రత్తి, మిరప రైతునకేమి ప్రయోజనమని సభ్యులడుగవచ్చును.

పెంకునందు మాంసకృత్తులు, సున్నపు పదార్థము, కైటిను అను మూడును పెనవేసికొని యున్నవి. పురుగు రెక్కయు, పీత డిప్పయు గట్టిపడుటకు కైటినును ఒక కారణము. 1811లో బ్రాకొనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని పుట్టగొడుగులయందు కనుగొనెను. మన దూదిలోని సెల్యులోసునకిది దగ్గరి చుట్టము.

దీనిని విడదీయు వాడుక పద్ధతి యిది: హైడ్రోక్లోరికామ్లముతో సున్నమును కరగించి, కాస్టిక్ సోడాతో మాంసకృత్తులను తొలగింతురు. మిగిలిన కైటినును గాఢమైన సోడాలో కాచిన కైటోసానగును. పద్ధతి నమ్మదగినదే గాని, కడుగుటకు నీరు విస్తారముగ వలయును. ఆ మురుగు కాలువను బడినచో దిగువ పొలము చెడును.

ఇందులకే క్రొత్త ద్రావకములను వెదకుచున్నారు. కోళ్లమేతలో కలుపు కోలీను క్లోరైడును, మనమెరిగిన యూరియాను తగుపాళ్లలో చేర్చి వెచ్చజేసిన, చుక్క నీరు లేకయే రెండు పొడులును ద్రవమగును! యూరియా విడిగా 133 డిగ్రీలకుగాని కరగదు. ఈ మిశ్రమము 12 డిగ్రీలకే కరగునని ఆబట్ మున్నగువారు 2003లో ప్రకటించిరి. యూరియాకు బదులు పెరుగు పులుపైన లాక్టికామ్లమును చేర్చినచో, ఆ ద్రవము సున్నమును కరగించి, మాంసకృత్తులను చాలవరకు తొలగించును. అయితే ఇది చిక్కని ద్రవము, వెలయు హెచ్చు. వాడినదానిని మరల రాబట్టుకొన్నగాని గిట్టదు. కావున నిది కర్మాగారపు పనియే, ఇంట చేయతగదు.

రైతునకు ముఖ్యమైన సంగతి వేరు. కైటోసానును విత్తనమునకు పట్టించినను, పైరుపై చల్లినను, మొక్క దానిని బూజు రాకగా నెంచి తన రక్షణను మేల్కొల్పుకొనును. అంతమాత్రమున నది పురుగుమందు కాదు. 2021లో నల్ల తామరపురుగు మిరపను పాడుచేసిన పిమ్మట, ఏ సీసా చూపినను కొనవలెననిపించుట సహజమే. కైటోసాను పేర నమ్మువానిని, అందది నూటికెంత కలదో అడుగుడు. మొదట కొన్ని సాళ్లకే వాడి, ప్రక్కసాళ్లను విడిచిపెట్టి కాయలు పోల్చి చూడుడు.

పచ్చి పెంకులు దొరకినవారు ఉప్పు పోవునట్లు కడిగి, పేడతో పొరలుగా వేసి మాగబెట్టవలెను. కైటినును తిను సూక్ష్మజీవులు మట్టిలో వృద్ధియగును. వానిలో కొన్ని వేరు నులిపురుగుల గ్రుడ్లనుగూడ నాశనము చేయును. కడుగని పెంకులను మాత్రము మిరపచేలో వేయరాదు.