ఉత్తరాదిలో తొలి ఉద్యోగమా? కోటు కొనే ముందు ఇవి చూసుకోండి!

ఆఫర్‌ లెటర్‌ చేతికొచ్చింది. పోస్టింగ్‌ గురుగ్రామ్‌లోనో, నోయిడాలోనో. జాయినింగ్‌ తేదీ డిసెంబరు చివర్లోనో, జనవరి మొదట్లోనో. ఇంట్లో అందరూ సంబరంగా ఉన్నారు. అమ్మ పచ్చళ్లు కడుతోంది, నాన్న రైలు టికెట్‌ చూస్తున్నారు. ఈ హడావుడిలో చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది... చలి! మన దగ్గర చలికాలం అంటే పొద్దున్నే ఓ స్వెటర్‌, తొమ్మిదయ్యేసరికి అదీ విప్పేయడం. అక్కడలా కాదు. మఫ్లర్‌, మంకీ క్యాప్‌, కాలేజీ హుడీతో నెట్టుకొచ్చేద్దాం అనుకుంటే ఒంటికి చలి ఆగదు, ఆఫీసులో చూసేవాళ్లకూ బాగుండదు. వెచ్చగా ఉంటూనే హుందాగా కనిపించే కోటు ఒక్కటి సరిగ్గా ఎంచుకుంటే మూడు నాలుగేళ్లు నిశ్చింత. అదెలాగో చూద్దాం.

అక్కడి చలి ఎలాంటిది?

జనవరిలో హైదరాబాద్‌లో రాత్రి ఉష్ణోగ్రత ఎక్కువ రోజులు 13 నుంచి 16 డిగ్రీల మధ్య ఉంటుంది. విజయవాడలో ఇంకాస్త ఎక్కువే. దిల్లీలో అదే సమయానికి 5, 6 డిగ్రీలకు పడిపోవడం మామూలే. 2021 జనవరి 1న సఫ్దర్‌జంగ్‌ కేంద్రంలో 1.1 డిగ్రీలు నమోదైంది. ఆదిలాబాద్‌, లంబసింగి వాళ్లకు ఈ అంకెలు కొత్త కాకపోవచ్చు. కానీ దిల్లీలో ఇబ్బంది రాత్రితో పోదు. పొగమంచు కమ్మితే మధ్యాహ్నం దాకా సూర్యుడు కనిపించని రోజులుంటాయి. పీజీ గదుల్లో హీటర్‌ ఉంటుందన్న హామీ లేదు, రాతి గచ్చు పాదాలకు మంచులా తగులుతుంది. అదే ఎండ కాసిన రోజైతే మధ్యాహ్నానికి 20 డిగ్రీలు దాటుతుంది.

అంటే మీకు కావాల్సింది రెండు పనులు చేసే దుస్తులు. పొద్దున 6 డిగ్రీల్లో ఆటో కోసం నిలబడ్డప్పుడు కాపాడాలి. మెట్రో ఎక్కి, ఆఫీసులోకి వెళ్లాక సులువుగా విప్పగలగాలి. అందుకే ఒకే మందపాటి దుస్తు కన్నా పొరలు పొరలుగా వేసుకోవడం మేలు. లోపల థర్మల్‌, దానిపై చొక్కా, ఆపైన పల్చని ఉన్ని స్వెటర్‌ లేదా బ్లేజర్‌, అన్నిటికీ పైన కోటు. పొరల మధ్య చిక్కుకున్న గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. లోపలి పొరలు సరిగ్గా ఉంటే కోటు మరీ బరువైనది కానక్కర్లేదు.

ఏ రకం కోటు?

దుకాణంలోకి వెళ్లగానే పది రకాలు చూపిస్తారు. పేర్లు విని కంగారు పడొద్దు. ఆఫీసుకు పనికొచ్చేవి కొన్నే.

ఉన్ని ఓవర్‌కోటు: మోకాలి దగ్గరిదాకా వస్తుంది. బ్లేజర్‌ మీద వేసుకోవడానికే పుట్టింది. బ్యాంకులు, కన్సల్టింగ్‌, న్యాయ సంస్థలు, క్లయింట్లను కలిసే సేల్స్‌ ఉద్యోగాలకు దీన్ని మించింది లేదు.

కార్‌ కోటు: తొడ మధ్య వరకే ఉంటుంది. ఎక్కి దిగడానికి సులువు. మెట్రో, ఆటో, క్యాబ్‌లలో తిరిగేవారికి, మరీ పొడవు లేనివారికి ఇది చక్కగా నప్పుతుంది. ఒక్కటే కొనగలిగితే కొత్త ఉద్యోగికి మంచి ఎంపిక ఇదే.

పీకోటు: ఒకప్పటి నావికుల కోటు. ముందు రెండు వరసల గుండీలుంటాయి, తుంటి దాకా వస్తుంది. బాగా వెచ్చన. అయితే పొడవు తక్కువ కాబట్టి లోపలి బ్లేజర్‌ కింది అంచు బయటికి కనిపించే ప్రమాదం ఉంది. స్వెటర్‌ మీదైతే ఇబ్బంది లేదు.

ట్రెంచ్‌ కోటు: సినిమాల్లో చూసి చాలామంది దీని వైపే మొగ్గుతారు. నిజానికి ఇది వాన, గాలి ఆపడానికి నేసిన నూలు గుడ్డ కోటు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని అధికారులు తొడుక్కోవడంతో ఆ పేరొచ్చింది. విడిగా ఉన్ని లైనింగ్‌ లేకపోతే జనవరి చలికి ఆగదు. చూపుకు బాగుంది కదాని తీసుకుంటే పైన పటారం, లోన లొటారమే!

పఫర్‌ జాకెట్‌: లోపల దూదో, ఈకలో నింపి అడ్డ కుట్లు వేసినది. తేలిక, వెచ్చదనం ఎక్కువ. ఐటీ, స్టార్టప్‌ ఆఫీసుల్లో దీన్ని ఎవరూ తప్పుపట్టరు. మెరిసే గుడ్డ, పెద్ద పెద్ద లోగోలు, ముదురు పసుపు, ఎరుపు రంగులు లేకుండా చూసుకోండి. ఈకలు నింపినదైతే తడిస్తే వెచ్చదనం తగ్గిపోతుంది, వానలో జాగ్రత్త.

లేబుల్‌ చదవండి

కోటులో డబ్బు పెట్టేది గుడ్డకే. ఉన్ని వెంట్రుక సహజంగానే వంకీలు తిరిగి ఉంటుంది. ఆ వంకీల సందుల్లో గాలి నిలిచి వేడిని పట్టి ఉంచుతుంది. పైగా తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. అందుకే పరుగున మెట్రో ఎక్కినా లోపల చెమట పట్టి చిరాకుగా ఉండదు. పాలిస్టర్‌ అలా కాదు. బయట చలి, లోపల చెమట.

నూటికి నూరు శాతం ఉన్ని అంటే ధర ఎక్కువ. తొలి కోటుకు అంత అవసరం లేదు. ఉన్ని 60, 70 శాతం, మిగతాది పాలిస్టర్‌ లేదా నైలాన్‌ ఉన్నది తీసుకుంటే వెచ్చదనం, మన్నిక రెండూ వస్తాయి. ఆన్‌లైన్‌లో ‘వుల్‌ లుక్‌’, ‘వుల్‌ ఫీల్‌’ అని రాస్తే అందులో ఉన్ని ఉందని అర్థం కాదు. ‘వుల్‌ బ్లెండ్‌’ అన్నా పది శాతమే ఉండొచ్చు. కోటు లోపలి వైపు కుట్టిన చిన్న లేబుల్‌ మీద ఎంత శాతం అన్నది చూస్తేగానీ తేలదు. ఆ వివరం ఇవ్వని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

చేత్తో చేసే పరీక్షలూ ఉన్నాయి. గుడ్డను పిడికిట్లో గట్టిగా నలిపి వదలండి. మంచి ఉన్ని అయితే ముడతలు త్వరగా పోతాయి. దీపానికి ఎదురుగా పట్టి చూడండి. నేత సందుల్లోంచి వెలుతురు ధారాళంగా వస్తుంటే గాలీ అలాగే వస్తుంది. లోపలి లైనింగ్‌ చేతుల దాకా పూర్తిగా ఉందా, కుట్లు ఊడుతున్నాయా అన్నదీ గమనించండి.

కొలత కుదిరిందా?

కోటు కొనడానికి టీషర్టుతో వెళ్లకండి. రేపు ఆఫీసుకు ఏం వేసుకుంటారో అవే, అంటే చొక్కా, స్వెటర్‌ లేదా బ్లేజర్‌ తొడుక్కుని వెళ్లి వాటిపైనే కోటు వేసి చూడండి. తర్వాత వరసగా...

* భుజం కుట్టు మీ భుజం ఎముక చివరికి సరిపోవాలి. కిందికి జారితే అన్నయ్య కోటు వేసుకొచ్చినట్లుంటుంది. భుజాన్ని సరిచేయడం దర్జీకి కష్టం, ఖర్చు కూడా. చేతుల పొడవు, నడుం వదులు మాత్రం తేలిగ్గా సరిచేస్తారు.
* గుండీలన్నీ పెట్టుకుని రెండు చేతులతో మిమ్మల్ని మీరే కౌగిలించుకోండి. వీపు దగ్గర బిగుసుకుపోతే ఒక సైజు పెంచండి.
* మెట్రోలో పట్టీ పట్టుకున్నట్లు చెయ్యి పైకెత్తండి. కోటు మొత్తం పైకి లేచిపోతే చంక దగ్గర కోత సరిగ్గా లేదన్నమాట.
* కోటు చెయ్యి మణికట్టు దాటి, లోపలి చొక్కా కఫ్‌ను పూర్తిగా కప్పాలి.
* ఒకసారి కుర్చీలో కూర్చుని చూడండి. గుండీల మధ్య గుడ్డ విచ్చుకోకూడదు.

అమ్మాయిలు కుర్తాలు ఎక్కువగా వేసుకునేటట్లయితే పొట్టి కోటు కింద కుర్తా వేలాడుతూ కనిపిస్తుంది. మోకాలి దాకా వచ్చే, ఒక వరస గుండీలున్న తిన్నని కోటు కుర్తా, ప్యాంటు, చీర మూడింటి మీదకీ బాగుంటుంది. చీర కట్టే రోజుల్లో లోపల థర్మల్‌ లెగ్గింగ్స్‌, పొడవు చేతుల ఉన్ని బ్లౌజ్‌ వేసుకుంటే సరి.

రంగు విషయంలో ప్రయోగాలు రెండో కోటుకు వాయిదా వేయండి. నేవీ బ్లూ, బూడిద రంగు, నలుపు... ఈ మూడూ అన్ని దుస్తుల మీదకీ కుదురుతాయి. నలుపు మీద దుమ్ము, నూలుపోగులు బాగా కనిపిస్తాయి. దిల్లీ దుమ్ముకు ముదురు బూడిద రంగు తెలివైన పని.

ఎంత పెట్టాలి, ఎక్కడ కొనాలి?

ఇంకా తొలి జీతం రాలేదు. పీజీ అడ్వాన్సు, రైలు ఖర్చు, ఒక నెల భోజనం అన్నీ ఇంటి నుంచే వెళ్తున్నాయి. ఈ పరిస్థితిలో నలుగురి ముందు గొప్పగా కనిపించాలని కంతుల మీద ఖరీదైన బ్రాండ్‌ కోటు కొనకండి. అరువు సొమ్ములు బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. అలాగని మరీ చవకదీ లాభం కాదు. చిన్న లెక్క చూడండి. 4,000 రూపాయల కోటు ఏడాదికి 60 రోజుల చొప్పున నాలుగు చలికాలాలు వేసుకున్నారనుకుందాం. రోజుకు 17 రూపాయల లోపే పడింది. 1,200 రూపాయలది ఒక్క చలికాలానికే పోగులు లేచి, ఆకారం చెడిపోతే రోజుకు 20 రూపాయలు. ఏది చవక?

ఖర్చును రెండుగా విడగొట్టడం మరో ఉపాయం. రెండు జతల థర్మల్స్‌, ఒక మంచి స్వెటర్‌, మఫ్లర్‌, ఉన్ని సాక్సులు ఇక్కడే కొనుక్కోండి. రైలు భోపాల్‌ దాటేసరికే వీటి అవసరం తెలుస్తుంది. కోటు మాత్రం అక్కడికెళ్లాక తీసుకోవచ్చు. మన ఊళ్లలో కోట్ల అమ్మకాలు తక్కువ కాబట్టి రకాలూ తక్కువే. దిల్లీలో కరోల్‌బాగ్‌, లాజ్‌పత్‌ నగర్‌, సరోజినీ నగర్‌ మార్కెట్లలో చలి దుస్తులు గుట్టలుగా ఉంటాయి. సోమవారం ఈ మార్కెట్లకు సెలవు, ఆదివారం జనం తోపులాట. శనివారం ఉదయమే వెళ్తే నిదానంగా చూసుకోవచ్చు. బేరం ఆడటానికి మొహమాటపడొద్దు. పెద్ద షోరూముల్లో జనవరిలో వింటర్‌ సేల్‌ మొదలవుతుంది. ఆ నాలుగు వారాలు స్వెటర్‌, బ్లేజర్‌తో నెట్టుకురాగలిగితే మంచి కోటు తక్కువ ధరకు దొరుకుతుంది.

వాడిన కోట్లు కొనడం నామోషీ ఏమీ కాదు. కాకపోతే కాలర్‌ అరిగిందా, చిమ్మెట కొరికిన చిల్లులున్నాయా, లైనింగ్‌ చిరిగిందా చూసి, డ్రైక్లీన్‌ చేయించాకే వేసుకోండి. ఆ ఊళ్లో ఇప్పటికే పనిచేస్తున్న సీనియర్లుంటే ముందే ఫోన్‌ చేసి అడగండి. ‘అక్కా, మీ ఆఫీసులో అందరూ ఏం వేసుకుంటారు?’ అన్న ఒక్క ప్రశ్న మీకు వేల రూపాయలు మిగల్చొచ్చు.

వేసుకునే పద్ధతీ ముఖ్యమే

కొత్త కోటు వెనుక చీలిక దగ్గర అడ్డంగా, ఇంటూ గుర్తులా ఒక దారం కుట్టి ఉంటుంది. చేతి మీద బ్రాండ్‌ పేరున్న చిన్న గుడ్డ ముక్క కూడా ఉండొచ్చు. రెండూ దుకాణంలో కోటు ఆకారం చెడకుండా, గుర్తు కోసం పెట్టినవే. వేసుకునే ముందు కత్తిరించేయాలి. మూసి కుట్టిన జేబులనూ నెమ్మదిగా విప్పుకోవచ్చు.

ఇంటర్వ్యూకి వెళ్తే కోటు, మఫ్లర్‌, టోపీ రిసెప్షన్‌లోనే తీసేయండి. చేతి మీద మడిచి వేసుకుని లోపలికి వెళ్లి, కుర్చీ వెనక వేయండి. ఓవర్‌కోటుతోనే కూర్చుంటే ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అన్నట్లుంటుంది. ఆఫీసులో చలిగా అనిపిస్తే స్వెటర్‌, బ్లేజర్‌ ఉంచుకోండి, చాలు. బరువైన బ్యాక్‌ప్యాక్‌ పట్టీలు ఉన్ని కోటు భుజాల్ని గీకి పోగులు లేపుతాయి. వీలైతే చేతి సంచి వాడండి.

ఉన్ని కోటును వాషింగ్‌ మెషిన్‌లో వేశారో, కుంచించుకుపోయి పిల్లల కోటవుతుంది. రోజూ రాగానే వెడల్పాటి హ్యాంగర్‌కు తగిలించి, మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి. వంటింటి వాసన పట్టకుండా గాలి తగిలేచోట ఉంచండి. చలికాలం చివర్లో ఒక్కసారి డ్రైక్లీన్‌ చేయించి, గుడ్డ సంచిలో కలరా ఉండలతో దాచేస్తే వచ్చే నవంబరుకు కొత్తదానిలా తీయొచ్చు.

విదేశాలకు వెళ్తున్నారా?

షికాగో, టొరంటో లాంటి చోట్ల ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో కిందికి పోతుంది. దిల్లీ కోటు అక్కడ నవంబరుకే చేతులెత్తేస్తుంది. ఇక్కడ వేలు పోసి కొని సూట్‌కేస్‌ బరువు పెంచుకోకండి. దిగిన రోజుకు సరిపడా పొరలు తీసుకెళ్లి, అసలు కోటు ఆ ఊళ్లోనే కొనుక్కోవడం నయం.

చివరగా ఒక్కమాట. కోటు ఉద్యోగం తెచ్చిపెట్టదు, నిలబెట్టదు. ఆ పని మీ నైపుణ్యానిది. కానీ ఇంటికి దూరంగా, కొత్త భాష మధ్య, వణుకుతూ కూర్చున్న మనిషి మీటింగ్‌లో నోరు విప్పడం కష్టం. ఒళ్లు వెచ్చగా ఉంటే మనసు పని మీద ఉంటుంది. ఏ ఎండకా గొడుగన్నట్టే, ఏ చలికా కోటు. లేబుల్‌ చదివి, వేసి చూసి, లెక్క కట్టి మరీ కొనండి!