ఒత్తిడి తగ్గింది, ప్రవాహం పెరిగింది: గర్భంలో లో బీపీ లెక్కలు

గర్భిణి అయిదో నెల పరీక్షకు వెళ్తుంది. నర్సమ్మ కార్డు మీద 92/58 అని రాస్తుంది. సాయంత్రానికల్లా ఇంట్లో సలహాలు మొదలు. అత్తగారు కూరలో ఉప్పు పెంచుతారు, అమ్మ ఫోన్‌లో ‘మంచం దిగొద్దు’ అంటుంది, పక్కింటివాళ్లు ఓఆర్‌ఎస్ ప్యాకెట్ తెచ్చిస్తారు. అదే కార్డులో హిమోగ్లోబిన్ 9.2 అని కూడా ఉంటుంది. దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. గర్భంలో లో బీపీ కథ చాలావరకు ఇదే: కంగారు పెట్టే అంకె ఒకటి, పట్టించుకోవాల్సిన అంకె మరొకటి.

90/60: వ్యాధి గీత కాదు

పెద్దవాళ్లలో బీపీ పై అంకె 90 కంటే, లేదా కింది అంకె 60 కంటే తక్కువైతే లో బీపీ అనడం ఆనవాయితీ. గర్భిణులకంటూ వేరే గీత లేదు. హై బీపీ సంగతి వేరు. 140/90కి చేరితే వైద్యులు దాన్ని సమస్యగానే లెక్కిస్తారు; 160/110 అయితే అత్యవసరం, గంటలోపే మందు పడాలి. లో బీపీలో అంకె కన్నా లక్షణాలదే పైచేయి. 88/56 ఉన్నా హాయిగా తన పని తాను చేసుకుంటున్న గర్భిణికి సాధారణంగా చికిత్స అక్కర్లేదు. 100/64 ఉన్నా లేచి నిలబడగానే పడిపోతుంటే కారణం వెతకాల్సిందే.

1.4 × 0.65 = 0.91

గుండె నిమిషానికి పంపే రక్తం ఒకటి, ఆ రక్తానికి నాళాలు చూపే నిరోధం ఇంకొకటి. రెండింటినీ గుణిస్తే వచ్చేదే రక్తపోటు. గర్భం నిలిచిన తొలి వారాల నుంచే ప్రొజెస్టిరాన్, నైట్రిక్ ఆక్సైడ్ వంటివి నాళాల గోడలను సడలిస్తాయి. గర్భం సగానికి వచ్చేసరికి నిరోధం సుమారు 35 శాతం పడిపోతుంది. గుండె పంపే రక్తమేమో సుమారు 40 శాతం పెరుగుతుంది. 1.4ని 0.65తో గుణిస్తే 0.91. అంటే సగటు రక్తపోటు 9 శాతం తగ్గింది, పారే రక్తం 40 శాతం పెరిగింది. పంటకాలువను వెడల్పు చేస్తే నీటిమట్టం దిగుతుంది కానీ చేలకు చేరే నీళ్లు తగ్గవు, ఇదీ అంతే.

బిడ్డకు కావాల్సింది ఆ ప్రవాహమే. నెలలు నిండేసరికి గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వెళ్తుంది. తల్లికి బీపీ తక్కువగా ఉంటే బిడ్డ బరువు తగ్గుతుందా అన్నది పాత సందేహమే. అమెరికాలో 1960ల నాటి వేలాది గర్భిణుల వివరాలను తిరగేసి 2001లో వెలువడిన ఒక విశ్లేషణ దీనికి జవాబు చెప్పింది. బీపీ తక్కువున్న తల్లుల్లో ఇబ్బందులు ఎక్కువగానే కనిపించాయి. అయితే వాళ్లు బరువు తక్కువవాళ్లు, పొట్టివాళ్లు, చిన్న వయసువాళ్లు, పేదవాళ్లు. ఆ తేడాలను లెక్కలోంచి తీసేస్తే బీపీ మీద మోపడానికి నేరం పెద్దగా మిగల్లేదు.

20 నుంచి 24 వారాలు: అడుగు మట్టం

బీపీ దిగడం మొదటి మూడు నెలల్లోనే మొదలై, 20 నుంచి 24 వారాల మధ్య, అంటే అయిదో నెలా ఆరో నెలా నడిచేటప్పుడు, అట్టడుగుకు చేరుతుంది. పై అంకె 5 నుంచి 10, కింది అంకె 10 నుంచి 15 దాకా తగ్గడం మామూలే. ఆ తర్వాత మెల్లగా ఎక్కి, నెలలు నిండేసరికి పాత చోటికి వస్తుంది. గర్భానికి ముందు 108/70 ఉన్నామెకు ఆరో నెలలో 98/58 కనిపిస్తే వింతేమీ లేదు.

మెలిక ఆ తర్వాత ఉంది. ఆరో నెలలో 92/58 ఉన్నామెకు ఎనిమిదో నెలలో 128/84 వచ్చిందనుకోండి. 140/90 గీత దాటలేదు కాబట్టి ‘ఇప్పుడు బీపీ బాగుంది’ అని ఇంట్లో సంబరపడతారు. కానీ పై అంకె 36, కింది అంకె 26 పెరిగాయి. 30/15 మించిన పెరుగుదల ఒక్కటే గుర్రపు వాతానికి ముందుండే ప్రీఎక్లాంప్సియాను నిర్ధారించదు గానీ, ఆమెను దగ్గరగా గమనించాలని మాత్రం చెబుతుంది. తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం తోడైతే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. అందుకే కార్డు మీది చివరి గడి ఒక్కటే చదివితే చాలదు, మొదటి గడి నుంచీ చదవాలి.

పడుకుంటే, లేస్తే

20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెన్నెముక పక్కనున్న పెద్ద సిరను నొక్కుతుంది. కాళ్ల వైపు నుంచి గుండెకు వచ్చే రక్తం తగ్గుతుంది. నెలలు నిండినవాళ్లలో గుండె పంపే రక్తం ఈ భంగిమలో 25 నుంచి 30 శాతం దాకా పడిపోవచ్చు. నూటికి సుమారు 8 నుంచి 10 మందికి చెమటలు పట్టి, వాంతి వచ్చేలా ఉండి, కళ్లు బైర్లు కమ్ముతాయి. దీనికి మందు పక్కకు తిరగడమే. ఎడమ వైపైతే మరీ మంచిది.

లేచి నిలబడిన 3 నిమిషాల్లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే దాని దారి వేరు. వేవిళ్లతో నీళ్లు కూడా నిలవనప్పుడు, వైశాఖపు ఎండలో బస్టాండులో నిలబడ్డప్పుడు ఇది ఎక్కువ. వాంతులతో గర్భానికి ముందున్న బరువులో 5 శాతానికి మించి తగ్గితే సెలైన్ అవసరం పడొచ్చు.

11 గ్రాములు: ఎవరూ చూడని గడి

గర్భంలో ప్లాస్మా పెరిగినంతగా ఎర్రకణాలు పెరగవు. అందుకే రక్తం కాస్త పలచబడటం సహజం. అయినా హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తక్కువైతే మన దేశంలో రక్తహీనతగానే లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతానికి రక్తహీనత ఉంది. నీరసం, ఆయాసం, కళ్లు తిరగడం దీనివల్లా వస్తాయి. వాటిని ‘లో బీపీ’ ఖాతాలో వేసి ఉప్పుతో సరిపెడితే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. నాలుగో నెల నుంచి రోజుకు 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉన్న మాత్ర ఒకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలన్నది ప్రభుత్వ కార్యక్రమం. ఆశా కార్యకర్త తెచ్చిచ్చే ఎర్ర మాత్ర అదే. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు.

కొలతలో తప్పు

ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి బల్ల మీద కూర్చోగానే చూసిన బీపీని నమ్మలేం. 5 నిమిషాలు కూర్చోవాలి, వీపుకు ఆనుడు ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. చేతికి మించి వెడల్పైన పట్టీ చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది, సన్ననివాళ్ల విషయంలో ఈ పొరపాటు జరుగుతుంది. ఎడమ పక్కకు పడుకోబెట్టి పైనున్న కుడి చేతికి చూస్తే అంకె 10 దాకా తక్కువ రావచ్చు, ఎందుకంటే ఆ చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంది. ఒకసారి తక్కువొస్తే సరిగా కూర్చుని రెండోసారి చూడమనండి.

60.7, 42.4: పెద్దాపరేషన్ బల్ల మీద

అదే 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. దేశ సగటు 21.5. వీటిలో చాలావాటికి వెన్నులో మత్తు ఇస్తారు. ఆ మత్తు నడుము కింది నాళాలను ఒక్కసారిగా సడలిస్తుంది. ముందు జాగ్రత్త తీసుకోకపోతే సగం మందికి పైగా బీపీ పడిపోతుంది. అందుకే బల్లను 15 డిగ్రీలు ఎడమకు వంచుతారు, సెలైన్ ఎక్కిస్తారు, ఫినైలెఫ్రిన్ వంటి మందు ఇస్తారు. గర్భమంతటా మెల్లగా దిగే బీపీకీ, నిమిషాల్లో కూలే బీపీకీ పోలిక లేదు. రెండోది తప్పక సరిదిద్దాల్సిందే.

0.9: కాన్పు తర్వాత

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. తొమ్మిది నెలల్లో తల్లి ఒంట్లో ఒకటిన్నర లీటరు దాకా అదనపు రక్తం చేరుతుంది. దాంతో కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోతున్నా బీపీ చాలాసేపు మామూలుగానే ఉంటుంది. ముందుగా పరుగెత్తేది నాడి. నాడిని బీపీ పై అంకెతో భాగించి చూస్తారు. నాడి 76, బీపీ 110 అయితే 0.69, పర్వాలేదు. బీపీ అదే 110 ఉండి నాడి 120 అయితే 1.09. 0.9 దాటితేనే హెచ్చరిక. 110 చూసి ‘బీపీ నార్మల్’ అని నిమ్మళంగా ఉన్న ఆ అరగంటే ప్రాణం మీదికి తెస్తుంది.

ఇంట్లో చేయాల్సింది

పక్కకు తిరిగి, కాసేపు కూర్చుని, ఆ తర్వాత లేవండి. ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి. మజ్జిగ, గంజి, నీళ్లు కలిపి రోజుకు రెండు మూడు లీటర్లు వెళ్లేలా చూసుకోండి. వడ్డించిన అన్నంలో మళ్లీ ఉప్పు కలుపుకోవడం మాత్రం వైద్యులు చెప్పకుండా వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి. కళ్లు తిరిగితే ఉన్నచోటే కూర్చోండి లేదా పక్కకు పడుకోండి.

స్పృహ తప్పినా, రక్తం కనిపించినా, కూర్చున్నా నాడి 110 దాటినా, జ్వరంతో బీపీ తగ్గినా, ఛాతీ నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకూడదు. తొలి మూడు నెలల్లో పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పితో కళ్లు తిరిగితే అది గర్భసంచి బయట నిలిచిన గర్భం కావచ్చు. 108కి ఫోన్ చేయాలి.

ప్రభుత్వ ఆస్పత్రుల్లో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. అక్కడికి వెళ్లినప్పుడు ‘బీపీ ఎంత?’ అన్న ఒక్క ప్రశ్నతో వచ్చేయకండి. పోయినసారి ఎంత ఉంది, ఇప్పుడు నాడి ఎంత, హిమోగ్లోబిన్ ఎంత అని కూడా అడగండి. ఈ మూడూ తెలిస్తేనే 92/58 సహజమా, సమస్యా అన్నది తేలుతుంది.